ముందు కేస్ షీటు అడుగు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ లేచి నాలుగడుగులు వేస్తున్నదని విని మనసు కుదుటపడింది. బళ్లారి ఆసుపత్రిలో ఆరు రోజులు గ్యాస్ నొప్పి అని సెలైన్లు ఎక్కించగా, కర్నూలుకు తెచ్చాక ఒక్క స్కానింగుతో అపెండిక్స్ పగిలిందని తేలింది కనుక నీ కోపం న్యాయమైనదే. అయితే అక్కడికి పోయి గొడవ చేస్తే కేసు నీ మీదికి వస్తుంది తప్ప డబ్బు రాదు.

నీవు ముందుగా సంపాదించవలసింది ఆ ఆరు రోజుల కేస్ షీటు, అంటే రోజువారీ వైద్యం రాసిన ఆసుపత్రి రికార్డు. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. కాబట్టి నోటితో అడగక, అమ్మ సంతకంతో అర్జీ రాసి, అందినట్లు ముద్ర వేయించుకో, లేదా అందినట్లు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపు. మందుల షాపు బిల్లులను ఈ రోజే జిరాక్స్ తీయించు. మీ అత్త విషయంలో నేను ఏడాది ఆలస్యం చేసేసరికి బిల్లుల మీద అక్షరాలు వెలిసిపోయి, సగం ఖర్చు అడగలేకపోయాను.

వైద్యుడు పొరబడ్డాడని చెప్తే చాలదు. మామూలు నైపుణ్యం గల ఏ వైద్యుడైనా చేయించే పరీక్షను ఆయన చేయించలేదని చూపాలి. హైదరాబాదులో మలేరియా శాఖ అధికారి భార్యకు మలేరియా వస్తే టైఫాయిడ్‌కు వైద్యం చేసిన కేసులో, ఆమె మరణానికి జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని రాష్ట్ర వినియోగదారుల కమిషన్ కొట్టివేయగా, 2010లో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించి, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదని చెప్పింది. కర్నూలు సర్జన్ తోటి వైద్యుడికి వ్యతిరేకంగా మాట్లాడకపోవచ్చు. ఆయన ఆపరేషన్ నోట్స్ మాత్రం తీసుకో, పేగు పరిస్థితిని అవే చెప్తాయి.

అన్ని బిల్లులూ అడగాలన్న నీ ఆలోచన నాకు నచ్చలేదు. సకాలంలో కనుక్కున్నా అపెండిక్స్ ఆపరేషన్ తప్పేది కాదు కదా. బళ్లారి ఖర్చు, పగిలినందువల్ల పెరిగిన ఐసీయూ ఖర్చు, అమ్మ పడిన బాధ, నీవు పోగొట్టుకున్న జీతం విడివిడిగా లెక్క రాస్తే వినియోగదారుల కమిషన్ నమ్ముతుంది.

బళ్లారి తిరగాల్సిన పని కూడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు గనుక ఆదోనివాళ్ళకు కర్నూలు వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. ఆసుపత్రికి చెల్లించినది 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుకు ముందు ఆసుపత్రికి ఒక నోటీసు ఇచ్చి చూడు. కొందరు అక్కడే రాజీకి వస్తారు, కానీ మొత్తం చేతికి అందకముందు ఏ కాగితం మీదా సంతకం చేయకు.

ఆదివారం ఫైలుతో రా. తేదీలవారీగా పేర్చి ఫిర్యాదు చిత్తుప్రతి ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య, కర్నూలు