హృదయపూర్వకమైన సూప్ తాగవచ్చా?

సందేహం: నేను వంటల గురించి రాస్తుంటాను. ఒక ఇంగ్లీషు వంటకాన్ని తెలుగులో రాయబోతే, ఫోనులోని అనువాదం ఇలా వచ్చింది: “ఈ హృదయపూర్వకమైన, కారంగా ఉండే, క్రీము మల్లిగటానీ సూప్ మీ కుటుంబ విందుకు సరైనది. మందపాటిగా అయ్యే వరకు వండండి.” ఇది తెలుగులా లేదని తెలుస్తోంది గానీ ఎక్కడ దిద్దాలో తెలియడం లేదు. సూప్‌ని చారు అంటే సరిపోతుందా? సూప్ వండాలా, కాయాలా, పెట్టాలా?

సమాధానం: ముందు హృదయం సంగతి. శుభాకాంక్షలు హృదయపూర్వకంగా చెబుతాం, కృతజ్ఞతలూ చెబుతాం. సూప్‌కి ఆ అవసరం లేదు. ఇంగ్లీషువాళ్ళు అక్కడ ‘హార్టీ’ (hearty) అని చెప్పదలచింది కడుపు సంగతి. పప్పు, కూరముక్కలు, కోడిమాంసం అన్నీ పడి, ఒక గిన్నెడు తాగితే ఇక అన్నం అక్కర్లేదనిపించే సూప్ అని. ‘కడుపు నిండే సూప్’ అనండి, చాలు. ‘పుష్టికరమైన’ అని కొందరు రాస్తారు గానీ అది టానిక్కు సీసా మీద ఉండాల్సిన మాట. ‘కుటుంబ విందు’ కూడా అంతే. విందంటే నలుగురిని పిలిచి పెట్టేది. ఇంట్లోవాళ్ళు రోజూ తినేదాన్ని విందు అనం. ‘రాత్రికి ఇంటిల్లిపాదికీ’ అంటే సరిపోతుంది.

‘కారంగా ఉండే’ అన్నది వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు. కానీ ఈ సూప్‌కి అతకదు. మల్లిగటానీ అన్న పేరు తమిళంలోని ‘మిళగు తణ్ణీర్’ నుంచి వచ్చింది. మిళగు అంటే మిరియం, తణ్ణీర్ అంటే నీళ్ళు. మన ‘తన్నీరు’ అనే ఇంటిపేరులో ఉన్నదీ ఆ మాటే. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు దొరలు మిరియాల చారు రుచి మరిగి, దాంట్లో మాంసం వేయించుకుని, పేరును తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు. మన దేశంలోని ఇంగ్లీషువాళ్ళు వాడే మాటలకు 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనూ దీని పుట్టుక ఇలాగే ఉంది. అంటే ఇది పుట్టుకతోనే మిరియాల సరుకు. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్ళ రాకతో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు మన వంటకు మంట పుట్టించినది ముఖ్యంగా మిరియమే. ఇప్పుడైతే ‘కారం’ అనగానే తెలుగువాడి కళ్ళ ముందు కనిపించేది మిరపపొడి డబ్బా. కారం నాలుక మీద మండుతుంది. ఘాటు ముక్కుకూ గొంతుకూ తగులుతుంది. అందుకే ఇంగువ ఘాటు, పొగాకు ఘాటు అంటాం గాని ఇంగువ కారం అనం. కాబట్టి మీరు ‘మిరియాల ఘాటుతో’ అని రాయండి. ‘మసాలా సూప్’ అంటే మాత్రం గరం మసాలా దట్టించారనుకుంటారు.

అసలు చిక్కు ‘మందపాటి’ దగ్గర ఉంది. ఇంగ్లీషులో ‘థిక్’ (thick) అనే ఒకే మాట దుప్పటికీ, పాలకీ, పుస్తకానికీ సరిపోతుంది. మనకు అలా కుదరదు. దుప్పటి మందం, పాలు చిక్కన, పెరుగు గట్టి. నీళ్ళు ఎక్కువైతే మజ్జిగ పలుచన. ద్రవం ఏదైనా చిక్కబడుతుందే గాని మందపాటి కాదు. “సూప్ చిక్కబడే వరకు సన్న సెగ మీద మరగనివ్వండి” అనండి. ‘దగ్గరపడే వరకు’ అనే మంచి పలుకుబడి కూడా ఉంది, కానీ అది కూరకు. సూప్ దగ్గరపడిందంటే చేతికొచ్చేది ముద్దకూర.

ఇక క్రీము. మీరు నిజంగా మీగడ వేస్తుంటే ‘మీగడ వేసిన’ అనండి. దుకాణంలో దొరికే డబ్బాది వేస్తుంటే ‘ఫ్రెష్ క్రీమ్’ అన్నా అందరికీ తెలుస్తుంది. మల్లిగటానీలో చాలామంది కొబ్బరిపాలు పోస్తారు. అప్పుడు ‘కొబ్బరిపాలు పోసిన చిక్కని సూప్’. పొయ్యి ఆపేశాక పోయమని కూడా రాయండి. తెర్లుతున్నప్పుడు పోస్తే విరిగిపోవచ్చు. పాలు పగిలాయి, ముక్కలయ్యాయి అని రాసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మన ఇళ్ళల్లో పాలు విరుగుతాయి.

చారు అంటే సరిపోతుందా అంటే, నాకు సమ్మతం కాదు. కన్నడంలో సారు, తమిళంలో సాఱు, మనకు చారు, అన్నీ ఒక కుదురు మాటలే. తెలుగింట్లో చారు పలుచన, అన్నంలో పోసుకోవడానికి. కోడిమాంసం, కొబ్బరిపాలు పడిన చిక్కని పదార్థాన్ని చారంటే, చదివినవాళ్ళు ఇంకేదో ఊహించుకుంటారు. పులుసు అసలే కుదరదు, అందులో పులుపు ఉంది. సంస్కృతంలో సూపం ఉందిగా అని ఎవరైనా సలహా ఇవ్వచ్చు. ఉంది, సూపకారుడంటే వంటవాడు కూడా. కానీ ఆ సూపం ముఖ్యంగా పప్పు వంటకం. ఇంగ్లీషు సూప్ రసంలో నానిన రొట్టె నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పోలిక చెవికే. సూప్‌ని సూప్‌గానే ఉండనివ్వండి.

క్రియల విషయానికొస్తే, చారు కాస్తాం లేదా పెడతాం, అన్నం వండుతాం, పచ్చడి నూరుతాం. సూప్ కొత్తగా వచ్చింది కనుక దానికి ‘చేయడం’ అంటుకుంది, అదే సహజం. వంట మధ్యలో మాత్రం పాత క్రియలు వదలకండి: పప్పు ఉడకాలి, ముక్కలు మగ్గాలి, సూప్ మరగాలి. తెలంగాణలో ‘మసలాలి’ అన్నా సొంపుగా ఉంటుంది. చివర ‘వడ్డించండి’ కన్నా ‘గిన్నెల్లో పోసి ఇవ్వండి’ నయం. ఎన్ని ముక్కలున్నా సూప్ తాగుతాం, గంజి, అంబలి తాగినట్టే.

మీ వాక్యం ఇలా అయితే బాగుంటుంది: “రాత్రికి ఇంటిల్లిపాదికీ కడుపు నిండేలా, మిరియాల ఘాటుతో చిక్కని మల్లిగటానీ సూప్.”

‘సూప్’, ‘సూపు’ రెంటిలో ఏదని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. బస్సు, కప్పులా చివర ఉకారం చేర్చడం మన భాష పద్ధతే; ‘సూపులు’, ‘సూపులో’ అనడంలో తప్పు లేదు. అయితే చాలా ఊళ్ళలో చూపుని సూపు అంటారు. “వేడి వేడి సూపు” అని శీర్షిక పెడితే వంటకు బదులు ప్రేమకథ అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, శీర్షికలో మటుకు ‘సూప్’ అని పొల్లుతోనే రాయండి.