మౌనం అంగీకారమేనా? చీమకుర్తి క్వారీల్లో నేను గమనించింది

ఒకరి భాష ఒకరికి తెలిసినా మాట ఎందుకు సరిగా చేరదు, అందులో సంస్కృతి పాత్ర ఎంత అని మీరు అడిగారు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో పనిచేస్తున్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను. బంగారు చుక్కలు మెరిసే ఇక్కడి గెలాక్సీ నల్లరాయి కోసం విదేశీ కొనుగోలుదారులు వస్తారు; దాన్ని తీసే పనిలో ఒడిశా నుంచి వచ్చినవారు కూడా ఉంటారు.

క్వారీలో కోసి తీసిన పెద్ద రాతి బ్లాకుపై నీళ్లు పోయించి, తడి ఆరేటప్పుడు సన్నటి పగులు గీత బయటపడుతుందేమోనని కొనుగోలుదారులు పరీక్షిస్తారు. ఇటలీ నుంచి వచ్చిన ఒకాయన గీత కనబడగానే అందరి ముందే వద్దనేశారు. రాయి అమ్ముడుపోనందుకు కాదు, నలుగురిలో అన్నందుకు మా యజమాని నొచ్చుకున్నారు. చైనా నుంచి వచ్చిన మరొకాయన ఏమీ అనకుండా, నచ్చిన బ్లాకుపై వేసే రంగు గుర్తు వేయకుండా పక్క బ్లాకు దగ్గరికి నడిచారు. మళ్లీ వస్తారేమోనని మావాళ్లు సాయంత్రం దాకా ఎదురుచూశారు. ఇద్దరిని చూసి రెండు దేశాల మీద తీర్పు చెప్పను. సంబంధం నచ్చనప్పుడు జాతకాలు కలవలేదని కబురు పంపే మనకు ఆ రెండో పద్ధతి అర్థమై ఉండాల్సింది.

కూలీల విషయంలో మౌనం ప్రమాదకరం. రాతిని కోసే డైమండ్ వైర్ తెగితే కొరడాలా విసురుగా వస్తుంది కనుక ఆ తీగ వరుసలో ఎవరూ నిలబడకూడదు. ఈ సంగతి చెప్పి "అర్థమైందా?" అని అడిగితే, అర్థం కాకపోయినా పెద్దవారికి ఎదురు చెప్పకూడదని తల ఊపేవారే ఎక్కువ. అందుకే నేను "మిషన్ నడిచేటప్పుడు నువ్వెక్కడ నిలబడతావో నిలబడి చూపించు" అంటాను. వారు నడిచి వెళ్లి ఆగిన చోటే నాకు జవాబు తెలుస్తుంది.

అయితే ప్రతి మౌనాన్నీ సంస్కృతి ఖాతాలో వేయడం మనకు అనుకూలమైన అలవాటని నా అభిప్రాయం. కూలి డబ్బు ఆలస్యమైనా నోరెత్తని మనిషిని "వాళ్లు అంతే, నెమ్మదస్తులు" అనేస్తాం. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరనంత కాలం ఏ ప్రాంతం వాడైనా నెమ్మదస్తుడే. అదే మనిషిని మేస్త్రీ లేనప్పుడు, టీ కొట్టు దగ్గర పక్కన కూర్చుని అడిగితే, ఏ వారం డబ్బు ఎంత రావాలో వచ్చీరాని తెలుగులోనే వివరంగా చెబుతాడు.