ప్రోడాస్ 2.0.3 తర్వాతి అనధికారిక వెర్షన్లు ఎలా సంపాదించాలి?

ప్రోడాస్ 8 అంటే పాత ఆపిల్ 2 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్. దానికి ఆపిల్ సంస్థ ఇచ్చిన చివరి వెర్షన్ 1993 నాటి 2.0.3. అనధికారిక 2.4ను జాన్ బ్రూక్స్ 2016లో విడుదల చేశారు, తర్వాత 2.4.1, 2.4.2 వచ్చాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ‘ProDOS 2.4’ అని వెతికితే 140కె డిస్క్ ఇమేజ్ (ఫ్లాపీ మొత్తానికి నకలుగా ఉండే ఫైలు) దొరుకుతుంది. 2.0 వరుసకు 65సీ02 ప్రాసెసర్ తప్పనిసరి. 2.4 మాత్రం పాత 6502 మీద కూడా నడుస్తుంది, 64కె మెమరీ ఉంటే చాలు. మొదటితరం యంత్రాలున్నవాళ్లకు ఇది నిజంగా పెద్ద వరం.

ఆ ఇమేజ్ బూట్ కాకపోతే ముందు దాని ఫైలు పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ చూడండి. ‘పీఓ’ అంటే ప్రోడాస్ సెక్టార్ వరుస, ‘డీఓ’ అంటే ఆపిల్ 2 పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 3.3 సెక్టార్ వరుస. పేరు మార్చినంత మాత్రాన వరుస మారదు, ఎమ్యులేటర్ (నేటి కంప్యూటర్‌లో ఆపిల్ 2ను అనుకరించే ప్రోగ్రాం) తప్పుగా చదువుతుంది. అసలు ఫ్లాపీ మీదికి ఏడీటీప్రో అనే డిస్క్ బదిలీ ప్రోగ్రాంతో, నేటి కంప్యూటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా ఎక్కించండి. హార్డ్ డిస్క్‌లో అయితే పాత ‘ప్రోడాస్’ ఫైలు పేరు మార్చి ఉంచుకుని, కొత్తదాన్ని రూట్ డైరెక్టరీలోకి కాపీ చేయండి.