‘ప్రాముఖ్యత’ తప్పైతే ‘యోగ్యత’ ఒప్పెలా?

సందేహం: ‘ప్రాముఖ్యత’, ‘ప్రాధాన్యత’ అని రాస్తే మా సంపాదకులు ‘ప్రాముఖ్యం’, ‘ప్రాధాన్యం’ అని దిద్దుతున్నారు. ‘యోగ్యత’, ‘బాధ్యత’ల జోలికి మాత్రం పోరు. ఎందుకని?

సమాధానం: ఆయన దిద్దినదీ సరే, వదిలేసినదీ సరే.

సంస్కృతంలో విశేషణం నుంచి భావార్థక నామం, అంటే ఆ గుణాన్ని చెప్పే నామవాచకం, పుట్టడానికి ముఖ్యంగా రెండు దారులు. మాటను కదపకుండా చివర ‘త’ చేర్చడం ఒకటి: ప్రముఖత, నిపుణత. రెండోది ‘య’ చేర్చడం. అప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. ‘ప్ర’ కాస్తా ‘ప్రా’, ‘ని’ కాస్తా ‘నై’ అయి ప్రాముఖ్యం, నైపుణ్యం ఏర్పడతాయి. దానికి మళ్లీ ‘త’ తగిలిస్తే ఒకే పనికి రెండు ప్రత్యయాలు పెట్టినట్టు. ‘నైపుణ్యత’, ‘వైవిధ్యత’ ఈ బాపతే.

‘యోగ్యత’ సంగతి వేరు. ‘యోగ్య’ అన్నదే విశేషణం కాబట్టి ‘త’ ఒక్కసారే చేరింది. అనుమానం వస్తే ఆ ‘త’ తీసేసి ‘డు’ పెట్టి చూడండి. యోగ్యుడు, బాధ్యుడు, సభ్యుడు అంటాం. అందుకే యోగ్యత, బాధ్యత, సభ్యత నిక్షేపంగా రాయవచ్చు. ‘సౌమ్యత’లో మొదట ‘సౌ’ చూసి కొందరు కంగారు పడతారు గానీ, సౌమ్యుడు ఉన్నాడు కదా, భయం లేదు. ‘ప్రాముఖ్యుడు’, ‘నైపుణ్యుడు’ మాత్రం ఎక్కడా కనబడరు.

చిక్కల్లా ‘ఐక్యత’తోనే. ‘ఏక’ నుంచి వచ్చింది ఐక్యం; లెక్క ప్రకారం అక్కడితో ఆగాలి. కానీ ఐక్యరాజ్యసమితి, ఐక్య పోరాటం వంటి వాడుకలతో ‘ఐక్య’ తెలుగులో విశేషణమై కూర్చుంది. దాన్ని నేను దిద్దను. ‘జాతీయ ఐక్యం’ అని సవరిస్తే చదివేవారికి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ‘ప్రాముఖ్యత’కు ఆ వెసులుబాటు ఇవ్వను. ‘ప్రాముఖ్యం’ ఇంకా నలుగురి నోటా బతికే ఉంది, పైగా ఒక అక్షరం తక్కువ.

నిజానికి నాకు ఇంతకంటే చిరాకు తెప్పించేది ‘సాంప్రదాయం’. నామవాచకం సంప్రదాయం, దానికి సంబంధించినది సాంప్రదాయికం. ఈ రెండింటినీ కలగలిపి దీర్ఘం ఉంచుకుని ‘ఇక’ను పారేశారు. ‘సంప్రదాయ నృత్యం’ అంటే చాలు.

ఇక ‘ఉచ్ఛారణ’ అని రాసి, ఒత్తులు సరిగా పలకాలని పాఠం చెప్పేవారూ ఉన్నారు! ‘ఉత్’, ‘చారణ’ కలిస్తే ఉచ్చారణ. రెండింటిలోనూ లేని ఒత్తు సంధిలోకి ఎక్కడి నుంచి వస్తుంది?