కథల యాప్‌కి ఏ ఫాంటు?

చెల్లెమ్మా,

పిల్లల కథల యాప్ నమూనా చూశాను. కథల గురించి ఇంకోసారి తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు ఫాంటు సంగతి. "అది డిజైనర్ చూసుకుంటాడు లెండి" అన్నావు. పెద్దవాళ్ల పుస్తకమైతే నేనూ సరే అనేవాణ్ణి. మనం మాటని చూపుతోనే పట్టేస్తాం. ఆరేడేళ్ల పిల్లలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతారు. వాళ్లకి నీ వాక్యం కంటే ముందు అక్షరం కనబడాలి.

మీవాడు బొద్దుగా, ముద్దుగా ఉన్న ఫాంటు పెట్టాడు. కథ పేరు వరకూ అయితే బాగుంది. కథంతా అందులోనే పోస్తే చిక్కు. 'కథ' అన్న మాటే చిన్న ఫోన్లో చూడు. థ కి, ధ కి తేడా పొట్టలో చుక్క ఒక్కటే. గీత లావయ్యేకొద్దీ పొట్ట పూడుకుపోయి చుక్క కనబడదు. ఇప్పటికే చాలామంది పెద్దలు 'కధ' అని రాస్తున్నారు, పిల్లలకి మనం కూడా అదే నేర్పాలా? ప, ష, ఫ ల గొడవా ఇలాంటిదే.

ఇక ఒత్తులు. 'స్త్రీ' రాసి చూడు: పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు. ఇంగ్లీషుకి సరిపోయే ఎడంతో వరుసలు పేరిస్తే ఆ ఒత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది, లేదా సగానికి తెగిపోతుంది. వరుసల ఎడం ఫాంటు సైజుకి 1.6 రెట్ల కంటే తగ్గనివ్వకు. నేనైతే 1.8 దాకా పోతాను. స్క్రీన్ చాలదంటారు. అప్పుడు పేజీకి రెండు వాక్యాలు తగ్గించు, అది నీ చేతిలో పనే.

ఈ బాధ పడలేక ఒత్తుల్లేని మాటలతోనే రాస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. అమ్మ, నాన్న, అక్క, తాతయ్య, అమ్మమ్మ... పిల్లలు నోరారా పిలిచే పిలుపులన్నీ ఒత్తులతోనే ఉన్నాయి. క ఒత్తు తలకట్టు తీసేసిన క లాగే ఉంటుంది కాబట్టి గుర్తుపడతారు. మ, న, య ఒత్తులకి అసలక్షరంతో పోలికే ఉండదు. వాటిని నలుసంత చేసి కింద పడేసిన ఫాంటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయ్. అన్నట్టు, అక్షరాలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చే ఆ యానిమేషన్ కూడా తీసేయించు. 'అమ్మ' కాస్తా అ, అమ, అమ్ అయ్యాక గానీ అమ్మ అవడం లేదు.

ఖర్చు గురించి టెన్షన్ పడకు. మండలి, నోటో శాన్స్ తెలుగు, అనెక్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది కాబట్టి యాప్‌లోనే పెట్టేసుకోవచ్చు. ఫోన్లో ఉన్నదానికే వదిలేస్తే ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనబడుతుంది. శీర్షికకి రామభద్ర లాంటి లావుపాటిది పెట్టుకో, అక్కడ అడ్డు చెప్పను.

మండలి, నోటో, అనెక్ మూడింటిలోనూ ఒకే పేజీ వేసి, చవక ఫోన్లో, రెండో తరగతి పిల్లల చేత పైకి చదివించు. "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి అన్నీ బాగున్నాయంటారు. ఎక్కడ తడబడ్డారో రాసుకో. తలా ఒక చోట ఆగితే అది చదువు నేర్చుకోవడంలో భాగం. అందరూ ఒకే అక్షరం దగ్గర ఆగితే ఆ ఫాంటు మార్చు.

ఆశీస్సులతో,
అన్నయ్య