మోకాలి దగ్గర ఆగాల్సింది

తమ్ముడూ,

కెనడా రాజకీయ నాయకుడు టామీ డగ్లస్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. నాలుగో పేజీలో మాత్రం నాకు కోపం వచ్చింది. "బాల్యంలో మోకాలి వ్యాధితో బాధపడి కోలుకున్నారు" అని ఒక్క వాక్యంలో దాటేశావే!

ఆ పిల్లవాడి ఎముకకు చీము పట్టింది. విన్నిపెగ్‌లో ఆ ఇంట్లో డాక్టరుకి ఇవ్వడానికి డబ్బుల్లేవు. కాలు తీసేయాలన్నారు. చివరికి ఒక సర్జన్, తన విద్యార్థులకు చూపించుకోనిస్తే ఫీజు లేకుండా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు దక్కింది. ఆ సర్జన్ కంట పడకపోయుంటే? ఈ ప్రశ్న డగ్లస్‌ని జీవితాంతం వదల్లేదు. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఆ మోకాలి సంగతి చెబుతూనే ఉండేవాడు. 1947 జనవరి 1న అక్కడ అందరికీ ఆస్పత్రి బీమా మొదలైందని పదో పేజీలో రాశావు. ఆ తేదీకీ ఈ మంచానికీ మధ్య దారి వెయ్యలేదు.

ఎవరి జీవితం రాసినా ముందు డబ్బు లెక్క చూడు. బిల్లు ఎంత, ఎవరు కట్టారు, కట్టలేనివాడు ఏమయ్యాడు. నా మొదటి కథలో నాన్న ఆపరేషన్‌కి అమ్మ గాజులు తాకట్టు పెడుతుంది. గాజుల తూకం, నూటికి మూడు వడ్డీ, చీటీ మీద వేలిముద్ర, అన్నీ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ లైన్లన్నీ కొట్టేసి, "మాతృమూర్తి త్యాగం" అని తన మాట చేర్చి అచ్చేశాడు. అమ్మకి ఆ కథ చదివి వినిపించలేకపోయాను. రెండేళ్ళు కలం పట్టలేదు. ఇప్పుడు అందరూ అడుగుతున్న "స్ఫూర్తిదాయకం" కూడా అదే కత్తెర. నీ వ్యాసంలో ఆ మాట ఆరుసార్లు ఉంది, తీసెయ్.

డగ్లస్ మొదట బాప్టిస్టు చర్చి పాస్టరు కాబట్టి, బాప్టిస్టులనే ఆ క్రైస్తవ శాఖవాళ్ళు ఎవరో వివరిస్తూ పేజీన్నర రాశావు. కాకినాడ, పిఠాపురం వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ బళ్ళూ ఆస్పత్రులూ చూసినవాళ్ళకి అంత పాఠం అక్కర్లేదు. ఆ చోటు సస్కాచువాన్‌లోని వేబర్న్ ఊరికి ఇవ్వు. 1930లో పాతికేళ్ళ డగ్లస్ పాస్టరుగా ఆ ఊరి చర్చికి వచ్చేసరికి కరువు, పంటల్లేవు, చేతిలో పనుల్లేవు. మరుసటేడు దగ్గర్లోని ఎస్టెవాన్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు గని కార్మికులు చనిపోయారు. 1934లో శాసనసభకి పోటీ చేసి ఓడిపోయాడు. ఇక మళ్ళీ నిలబడాలా వద్దా అని ఊగుతుంటే చర్చి పెద్ద ఒకాయన వచ్చి, రాజకీయాలు మానకపోతే కెనడాలో ఇంకే చర్చీ దొరకదని బెదిరించాడు. ఆ బెదిరింపుతోనే నిలబడతానని తేల్చేశాడు, 1935లో పార్లమెంటుకి గెలిచాడు! ఇంత మంచి ఘట్టం నీ వ్యాసంలో లేనే లేదు. 1944 శాసనసభ ఎన్నికల్లో అతని పార్టీ 52 సీట్లలో 47 గెలిచిందన్న అంకె మాత్రం రెండు చోట్ల ఉంది.

చర్చి ప్రసంగ వేదిక మీద మాట్లాడిన మనిషే శాసనసభలో బడ్జెట్ పద్దులు చదివాడు. ఆ గొంతు ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు? అది వెతుకు. దొరక్కపోతే కల్పించకు, ఖాళీ వదిలెయ్.

ఎవరికి పంపాలి, పుస్తకం వెయ్యాలా అని అడిగావు. ముందు నాలుగో పేజీ తిరగరాయి. ఉగాది లోపు పంపు. నా చూపు తగ్గింది, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు.

ఆశీస్సులతో,
అన్నయ్య