నెగెటివ్ వచ్చిందని మందులు మానేస్తానంటున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. టీబీ కోర్సులో రెండు నెలలు అయ్యాయట, దగ్గు పోయిందట, నాలుగు కిలోలు పెరిగావట, తెమడ పరీక్ష కూడా నెగెటివ్ అట. అంతవరకు బాగుంది. "ఇంకో నాలుగు నెలలు ఎందుకు, కడుపులో తిప్పుతోంది, మానేస్తా" అన్నావట. ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా.

ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ణి. తెమడని గాజు పలక మీద పూసి, ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపించి, ఐదు నిమిషాలు ఆగి కడిగేవాళ్ళం. ఆ పైన 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్. యాసిడ్ పడగానే మామూలు క్రిములన్నీ రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి వదలదు. చివర్లో నీలం రంగు వేసి చూస్తే, నీలం నేల మీద సన్నటి ఎర్ర దారప్పోగుల్లా కనిపిస్తుంది, కాస్త వంగి, ఒక్కోచోట రెండు మూడు అతుక్కుని. దాని ఒంటి మీద మైనంలాంటి పొర ఉంది మరి.

ఆ పొర ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మన ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లని కాపలా కణాలుంటాయి. లోపలికొచ్చిన క్రిమిని మింగి, ఒక సంచిలో పెట్టి, ఆ సంచిని జీర్ణరసాల సంచితో కలిపి అరిగించేస్తాయి. టీబీ క్రిమి మింగుతుంటే ఊరుకుంటుంది. లోపలికెళ్ళాక ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడుతుంది. పోలీస్ స్టేషన్లోనే కాపురం పెట్టిన దొంగన్నమాట. తిండి కూడా అక్కడిదే, మన కణాల్లోని కొవ్వు, కొలెస్ట్రాల్.

ఒళ్ళు ఊరుకోదుగా, మరిన్ని కణాల్ని పంపి చుట్టూ గోడ కడుతుంది. లోపల గాలి ఆడదు. అప్పుడా క్రిమి ఎదగడం ఆపేసి పడుకుంటుంది, కొందరిలో ఏళ్ళతరబడి. మెలకువగా ఉన్నా మందకొడిదే. మన పేగుల్లో ఉండే ఈ.కొలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకి రెండవుతుంది, దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది.

ఇప్పుడు నీ బిళ్ళల సంగతి. ఐసోనియాజిడ్ ఆ మైనం పొరని కట్టుకోనివ్వదు. పడుకున్నది ఏం కడుతుంది, దాన్ని ఏం చెయ్యగలదు? మధ్యలో కాసేపు లేచి మళ్ళీ పడుకునేవాటిని పట్టేది రిఫాంపిసిన్. ఆమ్లం ఉన్న మూలల్లో నక్కినవాటికి పైరజినమైడ్. దాని పని మొదటి రెండు నెలల్లోనే, అందుకే కొత్త స్ట్రిప్పులో అది ఉండదు. దగ్గు పుట్టించిన గుంపు ఎప్పుడో చచ్చింది. ఈ నాలుగు నెలలూ నిద్రపోయేవాటి కోసం.

మరి నెగెటివ్ అంటావా? మిల్లీలీటరు తెమడలో ఐదు వేలో పది వేలో ఉంటేగాని మా కంటికి ఆనవు. ఇది తెలిసి కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆటో డ్రైవరుకి కాగితం ఇస్తూ, సంతోషపెడదామని, "నెగెటివ్, ఇంకేం భయం లేదు పో" అన్నాను. కొన్ని నెలలకి మళ్ళీ వచ్చాడు, మనిషి సగమయ్యాడు. స్లైడు త్రీ ప్లస్, అంటే మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేరలోనే పదికి పైన క్రిములు. మందులెప్పుడు ఆపావంటే "మీరు పొమ్మన్న రోజే సార్" అన్నాడు. ఈసారి ఎనిమిది నెలల కోర్సు, అందులో రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు. ఆ తర్వాత రిపోర్టు ఇస్తూ నేను ఎవరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

ఇంకోటి. కోట్ల క్రిముల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే ఒక మందుకి లొంగవు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చిన రోజుల్లో మిగతావి చచ్చి ఇవే పెరిగాయి, కోలుకున్నవాళ్ళు మళ్ళీ మంచమెక్కారు. అప్పట్నించే మందులు కలిపి ఇస్తున్నారు. నీకు నచ్చినప్పుడు వేసుకుని నచ్చనప్పుడు మానితే వాటికి మళ్ళీ ఆ దారే చూపించినట్టు.

కడుపులో తిప్పడానికి ఉపాయాలున్నాయి. పరగడుపున పడకపోతే రెండు ఇడ్లీలు తిని వేసుకోవచ్చేమో డాక్టర్ని అడుగు. మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, సిగ్నల్ దగ్గర ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తు, అది ఓర్చుకునేది కాదు. మందు పార్టీలు కోర్సు అయ్యేదాకా వద్దు, నీ కాలేయానికి ఈ బిళ్ళల పనే సరిపోతుంది. పోషణకని ప్రభుత్వం ఇచ్చే నెలకి వెయ్యి అకౌంట్లో పడుతోందో లేదో చూసుకో, గుడ్లకి వస్తాయి. అమ్మకి ఎక్స్‌రే తీయించావా? మొహమాటపడి వాయిదా వేస్తుంది, నువ్వే తీసుకెళ్ళు.

ఆరో నెల చివర తెమడ ఇచ్చే రోజు ముందే చెప్పు, బస్సెక్కి వస్తా. స్లైడు నన్ను చూడనివ్వరులే, రిటైరైనవాణ్ణి. బయట బల్ల మీద కూర్చుంటా.

మామయ్య